విమానం లేని పీట

చమురు మరకల్లో పాతవీ కొత్తవీ ఉంటాయి. పాత మరక ఎండి, నేలలోకి ఇంకి, బూడిదరంగుకి తిరుగుతుంది. దానిమీద పడిన కొత్తది నల్లగా నిగనిగలాడుతుంది. బుల్లి పాతవన్నీ నిన్ననే వేసి ఆరబెట్టింది. ఇప్పుడు సూదిమొన లాంటి పనిముట్టు ఒకటి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కొత్తవి ఒక్కో చుక్కా పెడుతోంది. ఆ పనిముట్టు ఆమె పనిచేసే ల్యాబ్‌లోది. అక్కడ దాంతో కట్టుడుపళ్ళకి చిగుళ్ళు దిద్దుతారు.

విమానానికి నాలుగు ఇంజన్లు. రోజూ ఒకేచోట నిలబడే విమానం కాబట్టి కింద కాంక్రీటు మీద మరకలు కూడా నాలుగు గుంపులుగా ఉండాలి. ఎడమవైపు లోపలి ఇంజను మిగతావాటికంటే ఎక్కువ కారుతుందని బుల్లి తనకు తనే తీర్మానించుకుంది. ఆ గుంపు కాస్త పెద్దది.

ఈ మరకల చదువంతా ఆమె బస్సు డిపోలో నేర్చుకుంది. బస్సులన్నీ వెళ్ళిపోయాక ఖాళీ షెడ్డులో గొంతుక్కూర్చుని నేలను పరీక్షగా చూస్తుంటే వాచ్‌మన్ వచ్చి, "ఏం పారేసుకున్నావమ్మా?" అని అడిగాడు. "ఏం లేదండీ, మరకలు చూస్తున్నా," అంది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, ఎందుకైనా మంచిదని గేటు దాకా తోడొచ్చి మరీ సాగనంపాడు. బస్సు లేకపోయినా ఏ బస్సు ఎక్కడ నిలబడుతుందో మరకే చెప్పేస్తుందని బుల్లి ఆ రోజు కనిపెట్టింది. ఆ సంగతి ఆమెకు తెగ నచ్చింది.

బల్లకు అవతలి పక్క బావ కూర్చుని ఉన్నాడు. బావకు కళ్ళద్దాల షాపు ఉంది. పగలంతా ఊళ్ళోవాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి నుదుటికి భూతద్దం కట్టుకుని, తను కడుతున్న బొమ్మ విమానం ముందు కూర్చుంటాడు. యుద్ధకాలపు బాంబర్ అది, రెక్కలు చాపితే మూరెడు పైనే ఉంటుంది. తోకవైపు తుపాకీ మనిషి కూర్చునే గాజు గది అతికిస్తూ నాలిక బయటపెట్టాడు.

"మనం ఈసారి దుమ్ము దులిపేస్తున్నాం బుల్లీ," అన్నాడు నాలిక లోపలికి లాక్కుని.

పనిచేస్తున్నంతసేపూ బావ నోట 'మనం' తప్ప ఇంకో మాట రాదు.

విమానాన్ని ఒట్టిగా నిలబెట్టకుండా, అది నిలబడిన నేలా, పక్కన గుడిసే, చుట్టూ మనుషులూ సామానుతో సహా చిన్నగా కట్టి చూపిస్తే దాన్ని డయోరమా అంటారు. బావ సభ్యుడిగా ఉన్న క్లబ్బులో మాత్రం విమానం కింద ఏమున్నా సరే, పీట అనేవారు. గడ్డి మొలిపించినా పీటే, ఊరంతా కట్టినా పీటే. ఈ పీట మీద గుండ్రటి కాంక్రీటు గచ్చు ఉంది. గచ్చు అంచున గడ్డి, గడ్డిలో రేకుల గుడిసె, గుడిసెకు ఆనించిన సైకిలు. చెక్కపలక మీద వరసగా టీ కప్పులు. ఇంకా విమానం బాగోగులు చూసే ఆరుగురు మనుషులు. ఒకడు నిచ్చెనెక్కి ఇంజనులో చేతులు పెట్టాడు, ఒకడు విమానం పొట్ట కింద వెల్లకిలా పడుకున్నాడు, ఇద్దరు బాంబుల బండి తోస్తున్నారు, ట్రక్కు నడిపే అమ్మాయి నడుం మీద చెయ్యి వేసుకుని వాళ్ళను చూస్తోంది, ఆరోవాడు పెట్టె మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఒక్కొక్కరి మొహం బియ్యపుగింజంత ఉంటుంది. అందులోనే బుల్లి వాళ్ళకు నిద్రలేమి కూడా పెట్టింది.

"ఈ బల్ల ముందు కూర్చుని భోంచేసి ఎన్నాళ్ళయిందో మర్చిపోయాను," అంది అక్క, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి. "మేం వంటింట్లో నిలబడి తింటున్నాం, మీరిద్దరూ ఇక్కడ జిగురు పీలుస్తున్నారు. అత్తయ్యయితే అసలు ఈ గదిలోకే రావడం మానేశారు."

"అమ్మకి వాసన పడదే," అన్నాడు బావ.

పెద్దావిడ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని బఠానీలు ఒలుస్తోంది. తన ప్రస్తావన వచ్చినా తలెత్తలేదు. అదే సమయానికి ఇంటి మీదుగా ఎక్కడికో పోయే విమానం మోత వినిపించింది. పెద్దావిడ గిన్నె కింద పెట్టి, లేచి, గుమ్మం పక్కన చెయ్యి చాపి లైటు ఆర్పేసింది.

బుల్లి చెయ్యి కదిలి, చుక్క పడకూడని చోట పడింది.

"అమ్మా! లైటు!" బావ చీకట్లో అరిచాడు. "చూశావా బుల్లీ, విమానం పోయే ఆ రెండు నిమిషాలు కూడా కరెంటు ఆదా చెయ్యాలి మా అమ్మకి. నా చిన్నప్పట్నుంచీ ఇంతే. పిసినారితనంలో ఆవిడ తర్వాతే ఎవరైనా."

మోత పూర్తిగా దూరమయ్యాక పెద్దావిడ లైటు వేసి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. బుల్లి తప్పుచుక్కను తుడవబోయి, ఆలోచించి, దానికి ఇంకో రెండు గీతలు కలిపి బూటు అడుగు ముద్ర చేసింది.

శుక్రవారం సాయంత్రం క్లబ్బు కార్యదర్శి వచ్చాడు. ఆయన్ని అందరూ వెనకాల రివెట్లాయన అంటారు. ఎవరు ఏ విమానం కట్టినా ముందు రెక్క మీద రేకుల్ని బిగించే రివెట్లు లెక్కపెట్టి గానీ మాట్లాడడు. ఆదివారం జరిగే ప్రదర్శనకు ఏవేం వస్తున్నాయో ముందే ఇళ్ళకు వెళ్ళి చూసుకోవడం ఆయన అలవాటు. ఈ ఏడు పోటీ యుద్ధకాలపు బాంబర్ల మీద.

రివెట్లాయన వంగి, బావ భూతద్దం అడిగి తీసుకుని, రెక్క ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. బావ పక్కనే నిలబడ్డాడు.

"అద్భుతం," అన్నాడాయన నిటారుగా లేచి. బావ మొహం చాటంతయింది. "పీట కూడా నీటుగా ఉంది."

"మా మరదలు. సాయం చేస్తుంటుంది," అన్నాడు బావ, బుల్లిని చూపించి.

సాయం. బుల్లి ఆ మాటను చెవిలో పడ్డ పురుగులా భరించింది. రివెట్లాయన ఆమె వైపు తల పంకించి మళ్ళీ విమానం వైపు తిరిగాడు.

"ఒక మాట చెప్పనా? దీన్ని పీటతో పెట్టకండి. పీటల విభాగంలో పెడితే జడ్జి గడ్డీ గాదం చూస్తూ కూర్చుంటాడు, ఈ పనితనమంతా మరుగున పడుతుంది. ఒట్టి విమానాల విభాగంలో పెట్టండి. పెద్ద కప్పు మీకే. నేను ఊరికే అనే మనిషిని కాను."

ఆయన వెళ్ళాక బావ రెండు చేతులతో విమానాన్ని పైకెత్తి, కుర్చీ మీద పరిచిన తువ్వాలులో పెట్టాడు. గచ్చు మీద నాలుగు గుంపుల మరకలు మిగిలాయి.

"మరి ఇది?" అంది బుల్లి.

"ఏది?"

"ఇదే. పీట."

"ఉండనీ. బీరువా మీద పెట్టేద్దాం. వచ్చే ఏడు ఇంకో విమానం కడతాంగా, దానికి పనికొస్తుంది."

"పోయినసారి ప్రదర్శనలో పెట్టిన కార్డు మీద నీ పేరొక్కటే ఉంది బావా. ఈసారి ఇద్దరివీ రాయిస్తానన్నావు. నేనడక్కుండానే అన్నావు."

"అన్నాను. రాయిద్దామనే అనుకున్నా." బావ తువ్వాలు అంచులు సర్దాడు. "కానీ ఇప్పుడు పీటే లేదు కదే! ఒట్టి విమానానికి ఇద్దరి పేర్లంటే ఎవరైనా నవ్వుతారు. నువ్వే చెప్పు, ఈ విమానంలో నీ చెయ్యి ఎక్కడుంది?"

బుల్లి తువ్వాలులోని విమానాన్ని చూసింది. విమానంలో తన చెయ్యి లేదు, నిజమే. చక్రాలకున్న బురద తప్ప. గచ్చు అంచున చిత్తడి ఉంది కాబట్టి, ఆ మట్టే చక్రాలకు అంటాలని పట్టుబట్టి రుద్దింది తనే.

"పని దగ్గర మనం, కప్పు దగ్గర నేను," అంది అక్క వంటింట్లోంచి, ఎవరితోనూ కాదన్నట్టు. "ఏమే, అలా నిలబడిపోయావేం? అడుగు."

"అడిగానక్కా," అంది బుల్లి. పీటను అట్టపెట్టెలో దించి, చుట్టూ పాత గుడ్డలు కుక్కి, బీరువా మీదికి కాకుండా తన చంకలోకి ఎత్తుకుంది. గుమ్మం దాటుతుంటే బావ, "జాగర్తే, గుడిసె ఊడుతుంది!" అన్నాడు. ఆ మాటకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. గుడిసెను అతికించింది ఎవరని?

శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌లో అందరూ భోజనాలకు వెళ్ళారు. బుల్లి ప్లాస్టరు దుమ్ము తుడిచి, అచ్చుల మధ్య కట్టుడుపళ్ళను పక్కకు జరిపి పీటను దించింది. ఎదురుగా కూర్చుని ఒక రొట్టెముక్క కొరికింది.

విమానం లేకుండా ఆ మనుషుల్ని ఆమె సరిగ్గా చూడటం అదే మొదలు. నిచ్చెన మీదివాడు శూన్యంలో చేతులు పెట్టి ఏదో దేవులాడుతున్నాడు. బండి తోసే ఇద్దరూ ఎక్కడికీ కాకుండా తోస్తున్నారు. వాళ్ళను చూస్తే నవ్వొచ్చింది. ఒక్కర్తే గట్టిగా నవ్వేసింది కూడా. తర్వాత ఆమె కళ్ళు పొట్ట కింద పడుకున్నవాడి మీద పడ్డాయి. వాడి మీద విమానం లేదు కదా, వెల్లకిలా పడుకుని నేరుగా ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆరుగురిలో వాడొక్కడే తెలివిలో ఉన్నట్టు, వాడొక్కడికే అసలు సంగతి తెలిసినట్టు కనిపించాడు.

బుల్లి రొట్టె పక్కన పెట్టింది.

పళ్ళ మధ్య సందులు చేసే సన్నటి రంపపు చక్రాన్ని డ్రిల్లుకు తగిలించి, ముందు ట్రక్కు అమ్మాయిని ఊడబెరికింది. మెడ కోసి, తల కాస్త వెనక్కి వంచి, సందులో మైనం నింపి, దాన్ని నునుపు చేసింది. మెడ వెనక్కి వాలితే మనిషి నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. రోజంతా నోళ్ళతో పనిచేసే మనిషికి అది ఒకరు చెప్పనక్కర్లేదు. వెంట్రుకవాసి సందు ఇచ్చింది. నడుం మీది చెయ్యి తీసి నుదుటి మీద, ఎండకు అడ్డంగా పెట్టింది. అమ్మాయిని మళ్ళీ గచ్చు మీద నిలబెట్టేసరికి మిగతావాళ్ళందరి పనీ అబద్ధంగా కనపడింది.

దాంతో ఇక ఆగలేదు. నిచ్చెన మీదివాణ్ణి కిందకు దించి, వాడి మెడ ఎత్తి, నిచ్చెనను గడ్డిలో పడుకోబెట్టింది. బండిని ఖాళీ చేసి ఓ వారకు నెట్టింది. దాన్ని తోసే ఇద్దరి మెడలూ ఎత్తింది. విమానం కదలకుండా చక్రాలకు అడ్డం పెట్టే చెక్కదిమ్మల్ని పక్కకు లాగి, వాటి తాళ్ళను లాగినవాళ్ళు వదిలేసినట్టు వంకరగా పరిచింది. చెక్కపలక మీది కప్పుల్ని ముట్టుకోలేదు. అవి వచ్చేవాళ్ళ కోసం పెట్టిన కప్పులు. బూటు తాడు కట్టుకునేవాణ్ణి కూడా అలాగే వదిలేసింది. అంతమంది ఒకేవైపు చూస్తున్నప్పుడు చూడలేనివాడు ఒకడుంటాడు.

భోజనాల నుంచి వచ్చిన వాళ్ళు కుర్చీలు లాక్కుంటున్న చప్పుడు కూడా ఆమెకు వినపడలేదు.

ప్రదర్శన ఒక బడి వ్యాయామశాలలో. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని రివెట్లాయన కార్డులు ఇస్తున్నాడు. బుల్లి పెట్టె మూత తీసి చూపించింది. ఆయన వంగి చూసి, బల్ల కింద కూడా చూసి, మళ్ళీ పెట్టెలోకి చూశాడు.

"విమానమేదమ్మా?"

"ఉందండీ. ఇంకా రాలేదు."

"అంటే మీ బావగారు తెస్తున్నారా?"

"కాదండీ. ఇందులో విమానం ఇంకా రాలేదు. వీళ్ళు దానికోసమే చూస్తున్నారు."

రివెట్లాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది బాంబర్ల పోటీ తల్లీ. బాంబర్ లేని బాంబర్‌ని నేను ఏ విభాగంలో వెయ్యను? లెక్కపెట్టడానికి ఒక్క రివెట్టయినా ఉండద్దూ?"

"పీటల విభాగంలో వెయ్యండి," అంది బుల్లి. "పీటేగా."

వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటున్నారు. ఆయన గొణుక్కుంటూనే ఒక కార్డు ముందుకు తోశాడు. కట్టినవారి పేరు అన్నచోట బుల్లి తన పేరు రాసింది. ఆ ఒక్క పేరే. బియ్యపుగింజంత మొహం మీద కన్నూ ముక్కూ గీసినంత నిదానంగా రాసింది.

బావ విమానం హాలుకు ఆ చివర, తెల్లటి గుడ్డ పరిచిన పొడుగు బల్ల మీద, అలాంటివే ఇంకా చాలా విమానాల మధ్య నిలబడి ఉంది. జడ్జి టార్చి వేసుకుని ఒక్కో రెక్కా చూసుకుంటూ వచ్చాడు. రివెట్లకు మెచ్చుకున్నాడు. తర్వాత టార్చి కిందకు దింపి, "చక్రాలకి ఈ మురికేమిటండీ? గుడ్డకి అంటుతోంది," అన్నాడు. బావ నోరు తెరిచి, ఆ మట్టికి సంబంధించిన నేల అక్కడ లేదని గుర్తొచ్చి, మూసుకున్నాడు.

ఈ చివర బుల్లి బల్ల దగ్గర మనుషులు ఆగుతున్నారు. ముందు పీటను చూస్తారు. చూసి, ఒక్క క్షణం తర్వాత, తమకు తెలియకుండానే తలెత్తి పైకి చూస్తారు. పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాను తప్ప ఏమీ లేదు. మళ్ళీ కిందకు చూసి, ఈసారి వంగి, మరకల దగ్గర మొదలుపెట్టి కప్పుల దాకా తీరుబడిగా చూస్తారు. బుల్లి గోడకు ఆనుకుని ఇదంతా గమనిస్తూ కడుపు నిండిపోయి నిలబడింది. ఎవరూ పీట బాగుందనలేదు. "పాపం, ఎంతసేపట్నుంచీ చూస్తున్నారో," అంది ఒకావిడ, నిజం మనుషుల గురించి అన్నట్టు.

బావ కూడా వచ్చాడు. ఆయన కూడా తలెత్తి ఫ్యాను చూశాడు. తర్వాత కిందకు వంగి చాలాసేపు లేవలేదు.

"నా విమానాన్ని ఏం చేశావే?" అన్నాడు గొంతు తగ్గించి.

"నేనేం చేశాను? తీసుకెళ్ళింది నువ్వేగా."

"పోయిందా అది?"

"ఏమో బావా. ఇంకా రాలేదు."

బావ ఎడమవైపు పెద్ద మరక మీద వేలు ఉంచాడు. అది తన విమానం మరకే. అంతమంది మెడలు నొప్పెట్టేలా చూస్తున్నది తన విమానం కోసమే. తన విమానాన్ని ఇంతలా ఎవరూ ఎప్పుడూ కోరుకోలేదు. కళ్ళు తుడుచుకున్నాడో, కళ్ళద్దాలు సర్దుకున్నాడో తెలియలేదు. కార్డు మీద పేరు చదివాడు.

"తప్పు చేశానే," అన్నాడు. "ఉండు, తెస్తాను. దాన్ని ఇక్కడ దించేస్తే సరిపోతుంది, రెండూ కలుస్తాయి. కార్డు మీద నా పేరు నీ పేరు కిందే రాయించుకుంటాలే. సరేనా?"

బుల్లి అడిగింది అదే. పోయిన ఏటి నుంచీ కోరుకున్నదీ అదే. సరేననాలి. కానీ మాట బయటకు రాకముందే బావ గబగబా వెళ్ళిపోయాడు.

ఈలోగా అక్క పెద్దావిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కొడుకుకు కప్పు వస్తుందంటే ఆవిడ రాక తప్పింది కాదు. దారిలో విమానాల బల్ల పక్కనుంచే వచ్చినా అటు తల తిప్పలేదట. పెద్దావిడ బుల్లి పీట ఉన్న బల్ల ముందుకొచ్చి, చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని, ఆ ఆరుగురినీ చూస్తూ ఆగిపోయింది.

"వీళ్ళు నిలబడిపోయారేం?" అంది. "పరిగెత్తాలి కదా."

"ఎదురుచూస్తున్నారు అత్తయ్యగారూ. వాళ్ళ విమానమే. రావాలి."

"విమానం కోసమా? ఎదురుచూడ్డమా?" పెద్దావిడ బుల్లి మొహంలోకి చూసింది, పిల్లలు ఏదో తెలియక అన్నప్పుడు చూసినట్టు. తర్వాత నుదుటి మీద చెయ్యి పెట్టుకున్న అమ్మాయి వైపు వంగి చూసి, "నోరు కూడా ఇలాగే తెరుచుకుంటుంది," అంది మెల్లగా. "మా అక్క ఇలాగే నిలబడింది. రమ్మని చెయ్యి లాగుతూనే ఉన్నాను. చూస్తూ నిలబడిపోయింది."

అక్కా, బుల్లీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆవిడకు ఒక అక్క ఉండేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. లైటు ఆర్పేది కరెంటు కోసం కాదని, పైనుంచి బాంబులేసేవాళ్ళకు ఇల్లు కనపడకుండానని బుల్లికి అప్పుడు తట్టింది. తట్టగానే మరకలూ మెడలూ ఎంతో తెలిసినట్టు దిద్దిన తన వేళ్ళను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

జనం తలల మీదుగా విమానాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని బావ వచ్చాడు. "జరగండి, కాస్త జరగండి," అంటూ బల్ల దగ్గరికొచ్చి పీటకు సరిగ్గా పైన ఆపాడు. కింద ఐదుగురి చూపులూ విమానం పొట్ట మీద ఆగాయి. రెక్కల నీడ గచ్చు మీద, గుడిసె మీద, కప్పుల మీద పడింది. చక్రాలను మరకల మధ్యకు సరిచూసుకుని బావ చేతులు దించబోయాడు.

"దించకురా," అంది పెద్దావిడ. "కింద మనుషులున్నారు."

ఆవిడ గట్టిగా అనలేదు. అయినా చుట్టుపక్కలవాళ్ళు ఇటు తిరిగి చూశారు. బావ విమానాన్ని అలాగే గాల్లో పట్టుకుని తల్లిని చూశాడు. ఆవిడ చెయ్యి ముందుకు చాపి ఉంది, ఆ ఆరుగురి మీదా అడ్డంగా, గొడుగు పట్టినట్టు. ఆ చెయ్యి చాపడం ఆయన చాలాసార్లు చూశాడు. వంటింటి గుమ్మంలో, లైటు స్విచ్చి వైపు.

ఏమర్థమయిందో ఏమో, విమానాన్ని నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు. అక్క సంచీలోని తువ్వాలు అడిగి అందులో చుట్టి, బల్ల కింద, గోడవైపు నేల మీద పెట్టాడు. పెద్దావిడ చెయ్యి అప్పటిగ్గానీ కిందకు దిగలేదు. అక్క ఆవిడకు కుర్చీ తెచ్చి వేసింది.

రివెట్లాయన జడ్జిని వెంటపెట్టుకుని హడావిడిగా వచ్చాడు. "మొత్తానికి విమానం వచ్చిందటగా! పెట్టెయ్యండి మరి, వీరు చూస్తారు."

బావ బుల్లి వైపు చూశాడు.

"లేదండీ," అన్నాడు. "ఇంకా రాలేదు."

జడ్జి టార్చి వెలిగించి పీట మీదకు వంగాడు. కాసేపటికి టార్చి ఆర్పేసి, తలెత్తి ఫ్యాను వైపు చూసి, మళ్ళీ వంగి ఈసారి కార్డు చదివాడు. "దీని గురించి కొంచెం చెబుతారా?" అని అలవాటుగా బావనే అడిగాడు.

"నన్నడిగితే ఏం లాభమండీ? కట్టింది మా మరదలు," అని బావ పక్కకు తప్పుకున్నాడు.

బుల్లి గోడ దగ్గర్నుంచి బల్ల దగ్గరికొచ్చింది. కుర్చీలో పెద్దావిడ కూడా తన వైపే చూస్తోంది. ఇందాకటి దాకా చెప్పాలనుకున్నది ఒకటి, ఇప్పుడు చెప్పవలసింది ఇంకొకటి.

"ముందు ఈ అమ్మాయిని చూడండి," అని మొదలుపెట్టింది.